హైదరాబాద్ నుంచి డాలస్‌కు దూరం 14,400 కిలోమీటర్లే అయినప్పుడు ప్రయాణానికి 23 గంటలు ఎందుకు పడుతుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. హైదరాబాద్ నుంచి డాలస్‌కు విమాన దూరం ఎంతని వెతికితే సుమారు 14,400 కిలోమీటర్లని కనిపిస్తోంది. జెట్ విమానం గంటకు 900 కిలోమీటర్ల వేగంతో వెళ్తుందని అందరూ అంటారు కాబట్టి, భాగిస్తే 16 గంటలు వస్తోంది. కానీ డిసెంబరులో మీ అమ్మానాన్నల ప్రయాణం కోసం మీరు చూస్తున్న టికెట్లు 22, 23 గంటల దగ్గర మొదలై కొన్ని 30 గంటలు కూడా దాటుతున్నాయి. ఈ తేడా ఎక్కడ వస్తోంది, ఆగకుండా నేరుగా వెళ్లే విమానం ఎందుకు లేదు, ఉన్న దారుల్లో ఏది నయం అని మీరు అడిగారు. విమానాలకు దారినీ ఇంధనాన్నీ లెక్కకట్టే ఫ్లైట్ డిస్పాచ్ విభాగంలో నా ఉద్యోగకాలం గడిచింది కాబట్టి కొంచెం వివరంగానే సమాధానం రాస్తాను.

ముందుగా 14,400 అన్న అంకె సంగతి. అది సరైనదే. గోళం మీద రెండు స్థలాల మధ్య అతి తక్కువ దూరాన్ని చూపే గీత పొడవు అది. గోడకు తగిలించే ప్రపంచపటం మీద స్కేలు పెట్టి గీస్తే ఈ గీత అరేబియా సముద్రం, ఆఫ్రికా, అట్లాంటిక్ మహాసముద్రం మీదుగా పోతున్నట్లు కనిపిస్తుంది, అది భ్రమ. ఇంట్లో పిల్లల గ్లోబు ఉంటే హైదరాబాద్ దగ్గర ఒక కొస, డాలస్ దగ్గర మరో కొస పెట్టి దారాన్ని బిగించి చూడండి. దారం పడమరకు కాకుండా దాదాపు నిటారుగా ఉత్తరానికి పోతుంది. ఢిల్లీ, లడఖ్, కిర్గిజ్‌స్థాన్, రష్యాలోని ఓమ్స్క్ నగర పరిసరాలు, ఆర్కిటిక్ సముద్రం దాటి, ఉత్తర ధ్రువానికి సుమారు 500 కిలోమీటర్ల దూరం నుంచి సాగి, కెనడాలో విన్నిపెగ్‌కు తూర్పుగా దిగి, మినెసోటా, కాన్సాస్, ఓక్లహోమాల మీదుగా డాలస్ చేరుతుంది. హైదరాబాద్ 78.4 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద, డాలస్ 97 డిగ్రీల పశ్చిమ రేఖాంశం మీద ఉన్నాయి. రెండూ కలిపితే 175 డిగ్రీల పైచిలుకు, అంటే భూగోళానికి దాదాపు సరిగ్గా అటూ ఇటూ. అలాంటి రెండు ఊళ్ల మధ్య దగ్గరి దారి ధ్రువం పక్క నుంచే ఉంటుంది. అమెరికాలో తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్న పట్టణాల్లో ఇంత కచ్చితంగా మనకు అవతలి వైపున ఉన్నది డాలస్ ప్రాంతమే అనుకుంటాను. షికాగో కొంచెం పక్కకు, మనకు సుమారు 13,300 కిలోమీటర్ల దూరంలో ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కో సుమారు 13,500.

అయితే ఆ దారం మీదుగా విమానాన్ని నడపగలిగేది ఎవరు? అసలు చిక్కు ఇక్కడే ఉంది, ఇందులో సాంకేతికం కంటే రాజకీయం ఎక్కువ. మొదటి అడ్డంకి మాత్రం ప్రకృతిది. లడఖ్ దాటిన తర్వాత కారకోరం, టిబెట్ పీఠభూమి అంచులు వస్తాయి. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి పడిపోతే పైలట్ విమానాన్ని వెంటనే దాదాపు 10,000 అడుగుల ఎత్తుకు దించాలి, ఎందుకంటే ప్రయాణికుల మాస్కుల్లో ఆక్సిజన్ కొద్ది నిమిషాలకే సరిపోతుంది. కింద పర్వతాలే 20,000 అడుగులు ఉన్నచోట ఆ వెసులుబాటు లేదు. అందుకే ఆ ప్రాంతం మీదుగా తప్పించుకునే మార్గాలు ముందే నిర్ణయించిన కొన్ని దారుల్లో తప్ప విమానాలు వెళ్లవు. సాధారణంగా ఢిల్లీ నుంచి అమెరికాకు వెళ్లే విమానాలు పడమర వైపు పాకిస్తాన్, అఫ్గానిస్థాన్ మీదుగా ఆ పర్వతాలను దాటి, తర్వాత ఉత్తరానికి తిరిగేవి.

రెండవది అంతర్జాతీయ ఒప్పందాల సంగతి. హైదరాబాద్ నుంచి డాలస్‌కు మధ్యలో ఎక్కడా ఆగకుండా నడిపే హక్కు ఆచరణలో భారతీయ సంస్థకో అమెరికన్ సంస్థకో మాత్రమే ఉంటుంది; దుబాయ్, దోహాల సంస్థలు తమ ఊరి మీదుగానే తీసుకెళ్లాలి. ఇప్పుడు ఆ రెండు దేశాల సంస్థల పరిస్థితి చూడండి. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలైన తర్వాత అమెరికా, కెనడా, బ్రిటన్, యూరోపియన్ యూనియన్ సంస్థలకు రష్యా గగనతలం మూతపడింది. భారతీయ సంస్థలకు రష్యా మీదుగా వెళ్లే వీలుంది. కానీ 2025 ఏప్రిల్‌లో పహల్గామ్ దాడి తర్వాత పాకిస్తాన్ తన గగనతలాన్ని భారతీయ విమానాలకు మూసివేసింది, ఆ తర్వాత గడువును నెలనెలా పొడిగిస్తూ వచ్చింది. ఒకరికి రష్యా తలుపు తెరిచి పాకిస్తాన్ తలుపు మూసి ఉంది, మరొకరికి సరిగ్గా దీనికి ఎదురు. రెండు తలుపులూ తెరిచి ఉన్న గల్ఫ్ సంస్థలకేమో నాన్‌స్టాప్ నడిపే హక్కు లేదు. గ్లోబు మీద దారం చూపిన 14,400 కిలోమీటర్ల దారి ఈ కారణంగా ప్రస్తుతానికి ఎవరికీ అందుబాటులో లేదని చెప్పాలి.

రష్యాను తప్పించి యూరప్ మీదుగా చుట్టి వెళ్తే ఎంత అవుతుందో చూద్దాం. హైదరాబాద్ నుంచి లండన్ సుమారు 7,750, లండన్ నుంచి డాలస్ సుమారు 7,630, మొత్తం 15,380 కిలోమీటర్లు. దుబాయ్ మీదుగా 2,550, ఆపైన 12,900 కలిపి 15,450. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా కూడా 15,380 దగ్గరే వస్తుంది, దోహా మీదుగా సుమారు 15,660. నాలుగు దారుల మధ్య తేడా 300 కిలోమీటర్లలోపే, అంటే విమానానికి 20 నిమిషాల పని. నాలుగూ అతి దగ్గరి దారికంటే ఇంచుమించు ఏడెనిమిది శాతమే ఎక్కువ. దుబాయ్ వెళ్లడమంటే దక్షిణానికి తిప్పి తీసుకెళ్లడమేనని చాలామంది విసుక్కుంటారు గానీ, లెక్కలో అది లండన్ దారితో సమానమే. నిజంగా చుట్టు అయ్యేది తూర్పు వైపు దారి. సింగపూర్, శాన్‌ఫ్రాన్సిస్కోల మీదుగా డాలస్ చేరితే 19,000 కిలోమీటర్లు దాటుతుంది. టికెట్ వెబ్‌సైట్లు చవకైన ధర చూపించి ఇలాంటి దారిని పైన పెడుతుంటాయి, గమనించండి.

ఆ 15,400 కిలోమీటర్లను ఆగకుండా వెళ్లే విమానమే లేదా అంటే, ఉంది. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కు సుమారు 15,300 కిలోమీటర్ల దూరాన్ని సింగపూర్ ఎయిర్‌లైన్స్ ఎయిర్‌బస్ ఎ350 ప్రత్యేక రకంతో పద్దెనిమిదిన్నర గంటల పైచిలుకులో నడుపుతోంది. కానీ ఆ విమానంలో 161 సీట్లే ఉంటాయి, ఎకానమీ తరగతి అసలు లేదు. ఎందుకో తెలియాలంటే ఇంధనం బరువు చూడాలి. బోయింగ్ 777-200ఎల్ఆర్ అనే దూరప్రయాణ విమానం గరిష్ఠంగా 347 టన్నుల బరువుతో పైకి లేవగలదు; ట్యాంకులు నిండితే అందులో సుమారు 145 టన్నులు ఇంధనమే. మొదటి గంటల్లో విమానం కాల్చే ఇంధనంలో చెప్పుకోదగ్గ భాగం చివరి గంటలకు కావలసిన ఇంధనాన్ని మోయడానికే ఖర్చవుతుంది. అందువల్ల దూరం 13,000 దాటిన తర్వాత పెరిగే ప్రతి వెయ్యి కిలోమీటర్లూ మామూలు దూరాల్లోని వెయ్యికంటే చాలా ఖరీదైనవి. దానికి తోడు శంషాబాద్ విమానాశ్రయం సముద్రమట్టానికి 600 మీటర్ల పైన ఉంది. ఎండాకాలంలో అక్కడ గాలి పలచబడి ఇంజన్లకూ రెక్కలకూ పట్టు తగ్గుతుంది. రన్‌వే 4,260 మీటర్ల పొడవు ఉండటం పెద్ద ఉపకారమే గానీ, మే నెలలో పూర్తి ఇంధనంతో, పూర్తి ప్రయాణికులతో, సరుకుతో ఎగరడం వేరే సంగతి. ఇటువంటి రోజుల్లో డిస్పాచర్ చేసే పని చాలా నీరసమైనది: ఇంధనం తగ్గించలేము, ప్రయాణికులను దించలేము, కాబట్టి ముందు సరుకు పెట్టెలను ఆపేస్తాము, ఆ తర్వాతి వంతు ఖాళీగా ఉంచే సీట్లది. దూరప్రయాణ విమానానికి లాభం తెచ్చేది చాలాసార్లు ఆ సరుకే.

ప్రయత్నాలు జరగలేదని అనుకోవద్దు. ఎయిర్ ఇండియా 2021 జనవరిలో హైదరాబాద్–షికాగో నాన్‌స్టాప్ మొదలుపెట్టింది, తర్వాత అది ఆగిపోయింది. అదే నెలలో కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో మహిళా పైలట్ల బృందం శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ధ్రువ మార్గంలో నాన్‌స్టాప్ విమానాన్ని తీసుకొచ్చింది. ఆ రెండు నగరాల మధ్య నేరు దూరమే 13,990 కిలోమీటర్ల పైచిలుకు. అమెరికన్ ఎయిర్‌లైన్స్ 2020లో సియాటిల్–బెంగళూరు నాన్‌స్టాప్ ప్రకటించింది గానీ, ఆ విమానం ఎన్నడూ ఎగరలేదు. ధ్రువం మీదుగా వెళ్లడంలో భయపడాల్సింది లేదు, పట్టించుకోవాల్సినవి మాత్రం ఉన్నాయి. అంతర్జాతీయంగా వాడే జెట్ ఎ-1 ఇంధనం మైనస్ 47 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలుపెడుతుంది, అమెరికాలో నింపే జెట్ ఎ రకానికి ఆ హద్దు మైనస్ 40. బయట చలి అంతకంటే ఎక్కువగా ఉన్నప్పుడు పైలట్లు ట్యాంకులోని ఉష్ణోగ్రతను చూసుకుంటూ, అవసరమైతే కిందికి దిగడమో వేగం పెంచడమో చేస్తారు. ఒక ఇంజన్ ఆగితే నిర్ణీత సమయంలోపు చేరగల విమానాశ్రయం కూడా దారి పొడవునా ఉండాలి. 2023 జూన్‌లో ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానం ఇంజన్ సమస్యతో రష్యా తూర్పు కొసన ఉన్న మగదాన్‌లో దిగింది. ప్రయాణికులను తీసుకెళ్లడానికి మరో విమానాన్ని అక్కడికి పంపవలసి వచ్చింది. దారి గీసేటప్పుడు ఇలాంటి ఊళ్ల పేర్లను కాగితం మీద ఎందుకు రాసుకుంటామో దీన్ని బట్టి తెలుస్తుంది.

ఇక మీ భాగహారం విషయం. 900 అనేది గాలిలో విమానం వేగం. నేల మీద అది ఎంత దూరం కదిలిందన్నది ఆ గాలి ఎటు వీస్తోందన్నదాన్ని బట్టి ఉంటుంది. ఉత్తరార్ధగోళంలో 30,000 అడుగుల పైన జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలులు పడమర నుంచి తూర్పుకు వీస్తాయి, చలికాలంలో ఇవి మరింత ఉధృతం. మన ఉత్తర భారతం మీద కూడా ఆ నెలల్లో ఒక పాయ ఉంటుంది. 2020 ఫిబ్రవరిలో తుపాను గాలి తోడై న్యూయార్క్–లండన్ విమానం ఒకటి 5 గంటలలోపే, 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. అదే దూరం ఎదురుగాలిలో 7 గంటలు దాటుతుంది. సీటు ముందు తెరలో భూవేగం చూపిస్తారు, గమనించండి. అమెరికా వెళ్లేటప్పుడు అది 800కు దగ్గరగానో ఇంకా తక్కువగానో కనిపించడం, వచ్చేటప్పుడు 1,000 దాటడం మామూలే. అదే తెరలో ఎత్తు కూడా చూడండి. నిండు ఇంధనంతో బయలుదేరిన విమానం మొదట 31,000 అడుగుల దగ్గర ఆగి, బరువు తగ్గేకొద్దీ 35,000కు, ఆపైన ఇంకా పైకి మెట్లుమెట్లుగా ఎక్కుతుంది.

ఇంట్లో కూర్చుని అంచనా వేయాలంటే నేను వాడే మోటు లెక్క ఒకటి ఉంది. కిలోమీటర్లను 850తో భాగించి అరగంట కలపండి. పడమరకు వెళ్తుంటే ఇంకో ఐదారు శాతం పెంచండి, తూర్పుకు వస్తుంటే అంతే తగ్గించండి. దుబాయ్–డాలస్ 12,900కు ఇది పదిహేనున్నర గంటల పైన చూపుతుంది. ఎదురుగాలి కలిపితే 16 గంటల పైచిలుకు, షెడ్యూలు కూడా దాదాపు అంతే ఉంటుంది. తిరుగు ప్రయాణంలో అది పద్నాలుగున్నర, పదిహేను గంటలకు దిగుతుంది. షెడ్యూలులో చూపే సమయం గేటు నుంచి కదిలినప్పటి నుంచి గేటు దగ్గర ఆగేవరకు అని గుర్తుంచుకోవాలి. డాలస్ విమానాశ్రయం విస్తీర్ణంలో న్యూయార్క్‌లోని మన్‌హాటన్ దీవి కంటే పెద్దది, దిగిన తర్వాత గేటు చేరడానికే చాలా సేపు పట్టవచ్చు.

టికెట్ మీది గడియారం వల్ల మరో గందరగోళం వస్తుంది. ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. డిసెంబరులో తెల్లవారుజామున 4 గంటలకు శంషాబాద్‌లో బయలుదేరిన విమానం 4 గంటల ప్రయాణం తర్వాత దుబాయ్‌లో 6:30కు దిగుతుంది, అక్కడి గడియారం మనకంటే గంటన్నర వెనుక. 9:40కి మరో విమానం బయలుదేరి 16 గంటల 20 నిమిషాలు ప్రయాణిస్తే డాలస్‌లో అదే తేదీ సాయంత్రం 4 గంటలవుతుంది. ఉదయం 4కు ఎక్కి సాయంత్రం 4కు దిగినట్లు, అంటే 12 గంటల ప్రయాణంలా కనిపిస్తుంది. చలికాలంలో రెండు ఊళ్ల మధ్య తేడా 11 గంటల 30 నిమిషాలు. దాన్ని కలిపితే అసలు ప్రయాణం 23 గంటల 30 నిమిషాలు. మార్చి రెండవ ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా అమెరికాలో గడియారం గంట ముందుకు జరుపుతారు కాబట్టి ఆ నెలల్లో తేడా 10 గంటల 30 నిమిషాలే. తిరుగు ప్రయాణంలో ఈ తేడాను తీసివేయాలి. డాలస్‌లో ఉదయం 11కు ఎక్కి మర్నాడు రాత్రి 7:30కు హైదరాబాద్‌లో దిగితే గడియారం 32 గంటల 30 నిమిషాలు చూపినా ప్రయాణం 21 గంటలే.

ఈ లెక్కలన్నీ చూస్తే దారులు దూరంలో దాదాపు సమానమని, తేడా అంతా మధ్యలో ఆగే సమయంలోనే ఉందని మీకు తెలుస్తుంది. కాబట్టి మీ అమ్మానాన్నలకు టికెట్ ఎంచుకునేటప్పుడు కిలోమీటర్లను పక్కన పెట్టి, విమానం ఎన్నిచోట్ల మారాలి, మారే చోట ఎంత వ్యవధి ఉంది, ఒక విడతలో ఎంతసేపు కూర్చోవాలి అన్న మూడింటినే చూడండి. గల్ఫ్ దారిలో మొదటి విడత 4 గంటలు, రెండవది 16 గంటలు. మోకాళ్ల నొప్పులు ఉన్నవాళ్లకు ఆ రెండవ విడత కష్టం. లండన్, ఫ్రాంక్‌ఫర్ట్ దారుల్లో పదేసి గంటల చొప్పున ప్రయాణం రెండు సమాన భాగాలుగా విడిపోతుంది, మధ్యలో నడిచే వీలుంటుంది. పెద్దవాళ్లకు నేనైతే దీన్నే ముందుగా పరిశీలిస్తాను. కానీ డిసెంబరులో యూరప్‌లో మంచు, పొగమంచు వల్ల విమానాలు ఆలస్యం కావడం ఎక్కువ, కాబట్టి అక్కడ రెండు గంటలలోపు కనెక్షన్‌ను నేను నమ్మను. గల్ఫ్‌లో వాతావరణం సమస్య కాదు, అక్కడి గగనతలం సమస్య కావచ్చు. 2025 జూన్ 23 రాత్రి ఖతార్ తన గగనతలాన్ని కొన్ని గంటలు మూసివేసినప్పుడు ఎన్నో విమానాలు దారి మళ్లాయి.

షికాగో, న్యూయార్క్ వంటి చోట దిగి అక్కడి నుంచి దేశీయ విమానంలో డాలస్ రావాల్సిన టికెట్లు తరచుగా చవకగా దొరుకుతాయి. వాటి విషయంలో మాత్రం గట్టిగా హెచ్చరిస్తాను. అమెరికాలో మొదట అడుగుపెట్టిన ఊళ్లోనే ఇమ్మిగ్రేషన్ పూర్తిచేయాలి, సామాను చివరిదాకా ట్యాగ్ చేసి ఉన్నా మామూలుగా అక్కడ బెల్టు మీద నుంచి తీసుకుని కస్టమ్స్ దాటించి మళ్లీ అప్పగించాలి, తర్వాత భద్రతా తనిఖీ మళ్లీ ఉంటుంది. ఇంగ్లీషు అలవాటు లేని పెద్దవాళ్లు, 23 కిలోల పెట్టెలు రెండేసి, ముందు పొడవైన క్యూ — దీనికి మూడు గంటలకు తక్కువ వ్యవధి ఉన్న టికెట్‌ను తీసుకోవద్దు. దుబాయ్, దోహా, లండన్, ఫ్రాంక్‌ఫర్ట్‌లలో ఒక్కసారి మారి నేరుగా డాలస్‌లో దిగే టికెట్ అయితే ఇమ్మిగ్రేషన్ డాలస్‌లోనే జరుగుతుంది, బయట మీరు ఎదురు చూస్తూ ఉంటారు. రెండు విమానాలూ ఒకే బుకింగ్ నంబరు మీద ఉండేలా చూసుకోండి. అప్పుడు మొదటిది ఆలస్యమై రెండవది తప్పిపోతే వేరే విమానంలో చోటు ఇచ్చే బాధ్యత సంస్థదే అవుతుంది. విడివిడిగా కొన్న టికెట్లకు ఆ రక్షణ ఉండదు. వీల్‌చెయిర్ సహాయం కావాలని బుకింగ్‌లోనే రాయించి, బయలుదేరడానికి రెండు రోజుల ముందు ఫోన్ చేసి మరోసారి నిర్ధారించుకోండి.